మనకు తెలిసినంతవరకు

ఆ అచ్చాఫీసులో అందరూ ఆమెను కామాలక్క అనేవారు. ఇరవై ఆరేళ్లుగా అక్కడ ప్రూఫుల్లో కామాలూ చుక్కలూ దిద్దుతోంది. పెళ్లయిన కొత్తలో మొగుడు రాసిన ఉత్తరాన్ని ఎర్ర పెన్సిలుతో దిద్ది తిరిగి అతని చేతికే ఇచ్చిందని చెప్పుకునేవారు. "ఇచ్చాను మరి, మూడు తప్పులున్నాయి! మళ్లీ రాస్తే ఒట్టు," అని తనే నవ్వేది.

కాగితం కట్టల మధ్య, కిటికీ పక్కన ఆమె బల్ల. మిషన్లు తిరుగుతుంటే గ్లాసులో నీళ్లు సన్నగా వణికేవి. అక్షరాలు చూడటమే తప్ప విషయం జోలికి పోకూడదని యజమాని మొదటిరోజే చెప్పాడు. ఆమె ఆ గీత ఏనాడూ దాటలేదు. వైద్యమైనా, వ్యవసాయమైనా ఒత్తులూ దీర్ఘాలూ సరిచూసి పంపేసేది.

ఒక మధ్యాహ్నం బడిపిల్లల సైన్సు పుస్తకం ఆఖరి ప్రూఫు వచ్చింది. నక్షత్రాల పాఠం చివర ఒక వాక్యం: 'ఈ విశ్వంలో ఆలోచించగల జీవి మనిషి ఒక్కడే.' అక్షరదోషం లేదు. అయినా ఆమెకు పేజీ తిప్పబుద్ధి కాలేదు.

ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు, ఓడలో వంటవాడిగా పనిచేసే తండ్రి తుఫానులో గల్లంతయ్యాడు. కంపెనీ ఉత్తరంలో 'ఆచూకీ తెలియలేదు' అని ఉంది. చుట్టాలంతా పోయాడనే తేల్చేశారు. తల్లి మాత్రం "తెలియలేదన్నారు గానీ లేడనలేదు కదా," అంటూ ఆ కాగితాన్ని చీరల అడుగున దాచుకుంది. ఆయన రాలేదు. ఆ ఎదురుచూపులో తల్లి ఎంత అరిగిపోయిందో కామాలక్కకు తెలుసు. తెలియకపోవడమూ లేకపోవడమూ ఒకటి కాదనీ తెలుసు.

ప్రూఫు పట్టుకుని యజమాని గదికి వెళ్లింది. ఆయన తల పట్టుకున్నాడు.

"ఎల్లుండి మిషనెక్కాలి. రాసినాయన అంత పెద్ద లెక్చరరు. ఆయనకి నువ్వు చెప్తావా?"

"ఫోను నేనే చేస్తా. తిడితే నన్నే తిడతారు."

లెక్చరరు ఫోనులో తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే స్వయంగా వచ్చాడు.

"అచ్చుతప్పులు చూసుకో అమ్మా. ఆకాశం సంగతి మాకొదిలెయ్," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"అలాగే మాష్టారూ. ఎవరూ లేరని ఎవరు చూసొచ్చారో ఒక్కటి చెప్పండి."

"ఉన్నారని మాత్రం ఎవరు చూసొచ్చారు?"

"నేనూ ఉన్నారనలేదుగా! 'మనకు తెలిసినంతవరకు' అని చేర్చమంటున్నా. పిల్లలు చదివేది. లేరని మనమే తేల్చేస్తే ఇంకెవరు వెతుకుతారు?"

ఆయన కాసేపు ఆ వాక్యాన్నే చూశాడు. తర్వాత ఒక కాగితం కట్ట మీద కూర్చున్నాడు.

"క్లాసులో ఎప్పుడూ ఆ మాట కలిపే చెప్పేవాణ్ని. పుస్తకంలో పిల్లలు తికమక పడతారని తీసేశాను," అన్నాడు మెల్లగా. "ఇంతకీ ఉన్నారనిపిస్తోందా నీకు?"

"ఏమో మాష్టారూ. ఉంటే బాగుండనిపిస్తుంది. ఒక్కోసారి మనం తప్ప ఎవరూ లేరేమోనని గుండె ఝల్లుమంటుంది. ఆ రోజు బస్సులో తోసుకునేవాళ్ల మీద కూడా కోపం రాదు. అంత ఆకాశానికీ ఉన్నది ఈ కాస్తమందిమే కదా అనిపిస్తుంది."

లెక్చరరు ఆమె పెన్సిలే తీసుకుని వాక్యానికి ముందు ఆ మాట చేర్చి, చివర 'ఇంకా వెతుకుతూనే ఉన్నాం' అని రాశాడు. దాంతో ఒక పంక్తి పక్క పేజీలోకి జారింది. పేజీలు కట్టే అతను సణుక్కుంటూ శనిగ్రహం బొమ్మను వేలెడంత కుదించాడు.

బడులు తెరిచిన నెలకు, పుస్తకం అట్ట మీది చిరునామా చూసి ఒక అమ్మాయి అచ్చాఫీసుకు కార్డు రాసింది: 'మీరు ఎక్కడ వెతుకుతున్నారు? నేనూ రావచ్చా?'

కామాలక్క ఆ సాయంత్రమే కార్డు తీసుకుని లెక్చరరు ఇంటికి వెళ్లింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని అప్పటికప్పుడే జవాబుకు కూర్చున్నాడు. నాలుగు పేజీలయ్యాక గానీ తల ఎత్తలేదు.

"ఇంత ఎందుకు మాష్టారూ? రావచ్చు అని రాస్తే సరిపోయేదిగా!"

"మొదటి మాట అదే రాశాను, చూడు," అన్నాడు ఆయన, పేజీలు ఆమె వైపు జరుపుతూ.