ఇబ్రి మైదానానికి తూర్పు ముఖం

ఒమాన్‌లోని ఇబ్రిలో పనిచేసే మన తెలుగువాళ్ల రూమ్‌లో సెలవు రోజైన శుక్రవారం ఆరాధన జరిపించడానికి మస్కట్‌లోని మా రూవి క్రైస్తవ సంఘం నెలకొకరిని పంపేది. తొంభైల మొదట్లో ఒక చలికాలం ఆ వంతు నాకు వచ్చింది. గురువారం పొద్దున ఏడింటికి రూవిలో ప్రభుత్వ బస్సు ఎక్కాను. టికెట్ మూడు రియాళ్ల లోపే. ఈ దారిన వెళ్లేవారు కుడి కిటికీ పక్కన కూర్చోండి. నిజ్వా దాకా కొండలు వెంటే వస్తాయి.

పక్క సీట్లో కడప ఖాదర్ బాషా ఉన్నాడు. ఇబ్రిలో దర్జీ. ఒళ్లో జెండాల మూట.

"బలదియా ఆర్డరు సార్. రేపు మూడున్నరకు ఫుట్‌బాల్ పోటీలు మొదలు. మస్కట్, సలాలా నుంచి గూడా జట్లు వస్తాండాయి. ఇంత పెద్ద ఆట మా ఊర్లో ఎప్పుడూ జరగల్యా."

బలదియా అంటే మునిసిపాలిటీ. దాని పెద్దను ముదీర్ అంటారు. మనకు మేయరు ఎలాగో అక్కడ ఆయన అలాగ. ఆయన సంగతి అడిగాను.

"ఆయప్ప వయసులో కువైట్‌లో ఇటుకలు మోసినాడంట. తిరిగొచ్చి బలదియాలో గుమస్తాగా చేరినాడు. సంతలో తూకాలు చూసినాడు. ఇప్పుడు ఊరికే పెద్ద. ఈ పొద్దుకీ చెత్తబండి రాకుంటే తానే పోయి డ్రైవర్ను లేపుతాడు."

"డ్రైవరు తిట్టడా?"

"తిడతాడు. లేపింది ఎవురో కండ్లు తెరిచినాక గదా తెలిసేది!"

తొమ్మిదిన్నరకు నిజ్వాలో మలబారీ హోటల్లో పరాటా, గుడ్డు కూర తిన్నాం. పన్నెండున్నరకు ఇబ్రిలో దిగాను. రూమ్‌కు తాళం. అందరూ మైదానంలోనే ఉన్నారని పక్క కొట్టువాడు చెప్పాడు. నడిచి వెళ్లాను.

పోశన్న ఎదురొచ్చాడు. జగిత్యాల దిక్కువాడు. మన సంఘస్థుడు కాడు గానీ, ఆరాధనలో పాటలు వినడానికి గడప దగ్గర కూర్చునేవాడట. మేస్త్రీగా ఇది అతనికి మొదటి సైట్. ఇంజనీరు గ్యాలరీల పనిలో పడి, గోల్‌పోస్టులు, సున్నపు గీతలు అతనికే వదిలేశాడట.

"ఇది పాసయితే మేస్త్రీగనే ఉంట అయ్యగారూ. లేకుంటె మళ్ల పార పట్టుడే."

నాలుగున్నరకు ముదీర్ తనిఖీకి వచ్చాడు. తెల్లని దుస్తులు, చేతిలో సన్నని కర్ర. గీతలు చూసి మెచ్చుకున్నాడు. తూర్పు వైపు గోల్‌లో నిలబడి ఎదురుగా చూశాడు. వెంటనే కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సాయంత్రపు ఎండ సూటిగా ముఖాన కొడుతోంది.

"ఎవరు పెట్టారిది?" అన్నాడు హిందీలో.

పోశన్న ముందుకొచ్చాడు. "నేనే సాబ్. మా దిక్కు ఏది కట్టినా తూర్పు మొఖమే పెడ్తం. అందుకే గోల్‌లు తూర్పుకొకటి, పడమరకొకటి పెట్టిన."

ముదీర్ అతన్ని గోల్‌లో నిలబెట్టి బంతి తన్నాడు. పోశన్న కళ్లు మూసుకున్నాడు. బంతి వల్లో పడింది. అందరూ నవ్వారు, కంపెనీ సూపర్‌వైజరు తప్ప. "రేపటి నుంచి వీణ్ని హెల్పర్‌గా దించేస్తాను సార్" అన్నాడతను.

"కువైట్‌లో నేను కట్టిన మొదటి గోడలో తలుపు పక్కింటి వంటగదిలోకి పెట్టాను. మా మేస్త్రీ నన్ను దించలేదు, మళ్లీ కట్టించాడు. తప్పు నాదే అన్నవాణ్ని దించితే రేపు నిజం ఎవడు చెప్తాడు?" అని ముదీర్ పోశన్న వైపు తిరిగాడు. "రేపు మధ్యాహ్నం నమాజు నుంచి నేను వచ్చేసరికి గోల్‌లు ఉత్తరానికి, దక్షిణానికి ఉండాలి. లేకపోతే ఇతని మాటే నా మాట."

శుక్రవారం పొద్దున ఆరింటికి ఆరాధన. ఒక్కరూ కూర్చోలేదు, అందరూ గడ్డపారలు తీసుకుని పోశన్నకు సాయంగా వెళ్లిపోయారు. నెలకొక్కసారి దొరికే ప్రభువు దినం పోతుందే అని మనసు పీకింది. నేను సిద్ధం చేసుకున్న ప్రసంగమేమో, ప్రభువు చెప్పిన కథలో పొద్దుగూకే వేళ పనికి కుదిరి కూడా నిండు కూలి అందుకున్న పనివాళ్ల మీద! వాళ్లను వాక్యంలో మెచ్చుకుని మైదానానికి పోకుండా ఎలా ఉంటాను? చొక్కా చేతులు మడిచి వెళ్లాను.

"గా తాడు కొస పట్టుకో అయ్యగారూ, వంకర పోనియ్యకు" అన్నాడు పోశన్న.

పాత గీతలు ఊడ్చేశాం. పోస్టులు పెకలించాం. సిమెంటు ఆరే వ్యవధి లేదు. పోశన్న గుంతల్లో రాళ్లు కుక్కి, తడి ఇసుక పోసి దిమ్మిస కొట్టించాడు. తర్వాత పిడికిట్లో సున్నం పట్టి తాడు వెంట వదిలాడు. మనవాళ్లు పాటందుకున్నారు, దిమ్మిస తాళం వేసింది. చివరికి ప్రార్థన కూడా అక్కడే, నిలబడే చేశాను.

ఒంటిగంటన్నరకు ముదీర్ వచ్చాడు. పోస్టుకు భుజం ఆనించి బలంగా నెట్టాడు. కదల్లేదు. గోల్‌లో నిలబడి చూశాడు. ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"మేస్త్రీ, నీళ్లు తాగు" అన్నాడు. సూపర్‌వైజరు తన సీసా ఇవ్వాల్సి వచ్చింది.

మూడున్నరకు ఖాదర్ జెండాల కింద ఆట మొదలైంది. మొదటి సగం చూసి ఐదింటి బస్సుకు బయలుదేరాను. పోశన్న సాగనంపడానికి వచ్చాడు. "ప్రసంగం బాకీ ఉన్నది అయ్యగారూ, వచ్చే నెల గూడ నువ్వే రావాలె. గడప కాడ కూసోను, లోపలికే వస్త."

బస్సు తూర్పుకు తిరిగింది. పొద్దు వీపు మీద వెచ్చగా తగిలింది. ఇబ్రిలో ఏం బోధించావని సంఘంలో అడుగుతారు. తాడు కొస పట్టుకున్నానని చెప్తాను. అరచేతిలో సున్నం ఇంకా ఉంది. రూవి చేరేదాకా కడుక్కోలేదు.