అమ్మమ్మ సగం చాప

మా అమ్మమ్మ, పేరు నాన్‌హ్యాంగ్, నాట్యం చేస్తుంటే రాజుగారు తుమ్ము ఆపుకున్నారు. అలా ఆపుకున్నందుకే రాజ్యం పోయిందని నా వాదన. జపాను వాళ్లు లాక్కున్నారని బళ్లో ఏదో చెప్పారట గానీ, ఆ రోజు నేను బడికి వెళ్లలేదు.

ఆ నాట్యానికి స్థలం ఆరడుగుల, పూలు నేసిన తుంగచాప. ఒక్కతే ఆడాలి, పాదం చాప దాటకూడదు. ఈ కొస నుంచి ఆ కొసకు చేరాక, రాజు ఎదుట, ఒకే ఒక్కసారి నవ్వాలి. అదీ పళ్లు కనబడకుండా.

యుద్ధంలో సియోల్ నగరం వదిలి పారిపోతుంటే దారిలో తాతయ్య పోయాడు. మంచులో అమ్మమ్మ తన చాపను సగానికి కోసి ఆయన మొహం, ఛాతీ కప్పింది. కాళ్లు బయటే ఉండిపోయాయి. మిగిలిన సగం మీదే, మా అద్దె గదిలో, పద్నాలుగేళ్లు సాధన చేసింది.

ఈ ఆకురాలే కాలంలో సర్కారు కళల ఆఫీసు నుంచి ప్యో గారు అమ్మమ్మ నాట్యాన్ని సినిమా తీయడానికి వచ్చారు. అమ్మమ్మ గురువు నేర్పిన తీరు తెలిసినవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు. ఇక పిల్లలు ఆ సినిమా చూసే నేర్చుకోవాలి.

"రెండే రీళ్లున్నాయి, పెద్దమ్మగారూ," అన్నారాయన, బడి ఆవరణలో కొత్త చాప పరిపిస్తూ.

పసుపు అంగీ, ఆ అంగీకి వేళ్లు దాటి వేలాడే రంగురంగుల చేతులు. అమ్మమ్మ చాప సగం దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడ గీత లేదు, గోడ లేదు. అయినా పాదం ముందుకు పడలేదు. అక్కడే నవ్వేసి వెనక్కి తిరిగింది.

"బ్రహ్మాండం!" అన్నారు ప్యో గారు.

"నా మొహం. సగమే ఆడాను."

"ఎవరికి తెలుస్తుంది లెండి."

"అదే కదయ్యా నా ఏడుపు! రేపు పిల్లలంతా దీన్నే చూసి కుంటిగా ఆడతారు."

డోలు వాయించే గుం తాత ఊరుకుంటాడా? "ఏమే నాన్‌హ్యాంగ్, అవతల బురదేమైనా ఉందా?"

అమ్మమ్మ తను ఆగిన చోటును బొటనవేలితో తడిమి, నా వైపు తిరిగింది.

"చంసుక్, పరిగెత్తి మన చాప పట్రావే. ఆ అవతలి సగం మీద పరుచు, కోసిన అంచు ఇటు ఉండాలి."

"చిరిగిన చాపా? రాజుగారి నాట్యానికా?" అన్నారు ప్యో గారు.

"రాజు పోయాడు. చాప ఉంది."

రెండో రీలు తిరిగింది. అమ్మమ్మ మళ్లీ అదే చోట ఆగింది. డోలు దెబ్బలు ఒకటి, రెండు, మూడు దాటిపోయాయి. అప్పుడు ఆమె బొటనవేలికి తెగిన తుంగపుల్లలు తగిలాయి, తాతయ్య కోసం కోసిన అంచు. పాదం గుర్తుపట్టింది. దాటింది. నెమ్మదిగా ఆ కొసకు చేరి, తలెత్తి నవ్వింది.

కెమెరాలో రీలు తోక టపటపా కొట్టుకుంటోంది. అమ్మమ్మ ఆగిన ఆ కాసేపటి మేర రీలు చాల్లేదు. అంచు దాటడం సినిమాలో పడింది, నవ్వు పడలేదు.

ఇంటికొచ్చాక అమ్మమ్మ నూకల గంజి ముట్టలేదు. ఆ నవ్వు కనీసం కాగితం మీదైనా ఉండాలని ఇదంతా రాసి, ఇక్కడిదాకా చదివి వినిపించాను.

"రాజుగారికి జలుబూ లేదు, తుమ్మూ లేదు," అంది అమ్మమ్మ. "కాగితానికి నవ్వడం రాదు. కలం అవతల పారెయ్. బాతుకాళ్లదానా, లేచి చాపెక్కు. చాప అయిపోయినా ఆగొద్దు."