సిమెంటులో నీళ్ళూ, మా బావా

ఎదురైన మనిషిని ఎవరైనా "బాగున్నారా?" అని అడుగుతారు. మా బావ "నీళ్ళెన్ని పోశారు?" అని అడుగుతాడు. మొక్కలు పెంచే పొరుగాయన్నీ అదే అడుగుతాడు, మందు కలిపిచ్చే కాంపౌండర్నీ అదే అడుగుతాడు. మా అక్క కాపురానికి వెళ్ళిన రోజున కాఫీ కలిపిస్తే ఆయన నోటి వెంట వచ్చిన మొదటి మాట అదేనట. కాఫీకి వంక పెట్టాడని ఆవిడ నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆ సంగతి ఆయన ఇప్పటికీ గమనించలేదు.

ఆయన్ని అని లాభం లేదు. సిమెంటు గట్టిపడేటప్పుడు దానిలో కలిపిన నీళ్ళు ఏమవుతాయో చూడడమే ఆయన ఉద్యోగం. అదే ప్రయోగశాలలో యంత్రం నడిపే ఉద్యోగం నాది. తడిసిమెంటుని వేలెడంత గాజుగొట్టంలో నింపి, మూత బిగించి, పెద్ద అయస్కాంతం మధ్యలోకి దించుతాం. రేడియో తరంగాలతో ఒకసారి తడితే లోపలి నీళ్ళు బదులు పలుకుతాయి. తీరిగ్గా ఉన్న నీళ్ళు సాగదీసి పలుకుతాయి, సందుల్లో ఇరుక్కున్నవి ఠక్కున పలికి ఊరుకుంటాయి. దాన్నిబట్టి ఎన్ని నీళ్ళున్నాయో, ఎక్కడ నక్కాయో తెలిసిపోతుంది.

ఆయన ముందు పొరపాటున "సిమెంటు ఆరింది" అన్నవాడి పని ఆ పూటకి అయిపోయినట్టే. సిమెంటు ఆరదనీ, నీళ్ళు తాగి గట్టిపడుతుందనీ, గట్టిపడకముందే ఆరితే చస్తుందనీ గంటసేపు వాయిస్తాడు.

ఇంట్లో అయినా అదే గోల. రొట్టెకి పిండి కలుపుతూ అక్క పక్కకి తిరిగితే చాలు, చిటికెడు పిండి గొట్టంలోకి వెళ్ళిపోయేది. సాయంత్రానికి ఆయన గ్రాఫు తెచ్చి, నిన్నటికన్నా రెండు చెంచాల నీళ్ళు ఎక్కువ పోశావనేవాడు. తిన్నప్పుడు తెలియలేదా అని అక్క అడిగేది. తినడానికీ కొలవడానికీ సంబంధం ఏమిటో ఆయనకి నిజంగానే అర్థమయ్యేది కాదు, పాపం. ఇలాంటివి నలుగురు కూర్చున్న ప్రతిచోటా చెప్పి నవ్వించి, నేను చాలా పేరు సంపాదించుకున్నాను.

మా ఆఫీసు ముందు కొత్త మెట్లు కట్టడం మొదలయ్యేసరికి తాపీమేస్త్రీకి శని పట్టుకుంది. తొమ్మిది రోజులు పని జరిగితే తొమ్మిది రోజులూ మా బావ మిక్సర్ పక్కనే హాజరు. "నీళ్ళెన్ని పోశావు?" అని అడగడం, గరిటెడు కాంక్రీటు తీసుకుని కంకర జల్లించేయడం, మిగిలింది గొట్టంలో నింపి తేదీ అంటించుకుని పరుగెత్తడం. మేస్త్రీ నా దగ్గరికి వచ్చి, ఆ సారు మీ బంధువటగదా, కాస్త ఆపండి, పని సాగడం లేదని మొరపెట్టుకున్నాడు. నేను బావని ఆపలేకపోయాను. అరలో చోటు చాలక ఆ గొట్టాలు పారేద్దామని రెండుసార్లు చూశాను, ఆయన పడనివ్వలేదు.

మెట్లకి ప్రారంభోత్సవం జరిగి నెల తిరక్కుండానే బీటలు వచ్చాయి. కలపడం సులువవుతుందని మేస్త్రీ నీళ్ళు ఎక్కువ పోశాడని ఇంజనీరు రాసేశాడు. మేస్త్రీని పనిలోంచి తీసేయడమే కాదు, మరెక్కడా పెట్టుకోకుండా అందరికీ కబురు పెడతామన్నారు. పాతికేళ్ళుగా ఇదే పని చేసిన మనిషి. డైరెక్టరు గది బయట చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

లోపల డైరెక్టరూ, ఇంజనీరూ ఉండగా మా బావ ట్రేలో తొమ్మిది గొట్టాలు పెట్టుకుని వచ్చాడు. వెనక గ్రాఫులు మోస్తూ నేను.

"ఇవి ఏ రోజువి ఆ రోజు మూత పెట్టినవి. చుక్క బయటికి పోలేదు. తొమ్మిది రోజులూ నీళ్ళు కొలత ప్రకారమే ఉన్నాయి," అన్నాడు. తర్వాత మెట్టు నుంచి కోసిన ముక్క చూపించాడు. "లోపలి సిమెంటు కడుపునిండా తాగింది. పై పొరకే దాహం తీరలేదు. పైన కప్పిన తడిగోనెలు ఎప్పుడు తీయించారు?"

ప్రారంభోత్సవం దగ్గర పడిందని, పని పూర్తయిన మూడో రోజే తీయించానని ఇంజనీరు నసిగాడు. పైన తడి కనబడలేదు, ఆరిపోయిందనుకున్నానన్నాడు.

ఆ మాట వినగానే నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అనుకున్నట్టే గంట పట్టింది. డైరెక్టరు గారి భోజనం చల్లారిపోయింది గానీ, మేస్త్రీ ఉద్యోగం నిలబడింది.

తిరిగి వస్తూ, బీటలు వస్తాయని ముందే ఎలా తెలిసిందని అడిగాను.

"నాకేం తెలుసు? మేస్త్రీ బకెట్టు లోపల మేకుతో గీత గీసుకున్నాడు. గీత దాటి చుక్క పోయనివ్వడు. అది మొదటిరోజే చూశాను. కట్టిందానికి ఏమొచ్చినా ముందు మేస్త్రీనే అంటార్రా. అతని తరఫున మాట్లాడ్డానికి ఒక్క కాగితం ఉండదు. మన దగ్గర యంత్రం ఉందిగా."

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా బావా?"

"నీతో చెప్తే ఊరంతా చెప్తావు."

నాకు సిగ్గేసింది. ఆయన మీద అంత ప్రేమ నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు.

సాయంత్రం మేస్త్రీ మా గది గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"మిమ్మల్ని పిచ్చాయన అనుకున్నానయ్యా. మావాళ్ళందరికీ అలాగే చెప్పాను," అన్నాడు బావతో.

"పర్లేదులే. మావాళ్ళు కూడా అలాగే చెప్తారు," అంటూ బావ నావైపు చూశాడు.

నేను గబుక్కున యంత్రం వైపు తిరిగి, అవసరం లేని మీటలు రెండు నొక్కాను.