పటం మీద నీలిచుక్క

కువైట్‌లోని అబూ హలీఫాలో మా పై ఫ్లాటులో ఉండే ఇంజనీరుది విజయవాడ. ఒక శుక్రవారం నన్ను పిలిచి భోజనాల బల్ల మీద ఒక అగ్నిపర్వత దీవి పటం పరిచాడు. ఆయన ఆఫీసులో పనిచేసే కువైటీ ఒకాయన స్నేహితులతో ఆ కొండల్లో మూడు రోజులు నడవబోతున్నాడు. మంచినీటి ఊట ఎక్కడుంటుందో గుర్తుపెట్టి ఇమ్మన్నాడట. మిష్రిఫ్‌లో ఆ కువైటీ ఇంటి వంటవాడు కూడా వెంట వెళ్తున్నాడు. రాయచోటి మనిషి. పటం చూసుకుందామని అతనూ వచ్చాడు.

"ఒక రోజుకు సరిపడా నీళ్లే మోసకపోతామంటాండాడు సార్, మా మామా కొడుకు. మిగతా రెండ్రోజులూ ఈ సారు పెట్టే చుక్కే దిక్కు" అన్నాడు నాతో. మామా అంటే ఇక్కడి పనివాళ్ల మాటలో ఇంటి యజమానురాలు; ఆమె కొడుకే ఆ కువైటీ.

ఎత్తులు చూపే గీతల మొనలన్నీ కొండవైపు తిరిగిన చోట వాగు ఉంటుందట. ఇంజనీరు ఆ వాగు అడుగున నీలిచుక్క పెట్టాడు.

"ఎండిన వాగైనా చెలమ తీస్తే నీళ్లు పడతాయి. మీ చెయ్యేటి ఇసుకలో అంతేగా?"

"అంతే సార్."

ఇద్దరూ అంత త్వరగా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. పత్రికలో ఉన్నన్నాళ్లూ, ఇద్దరు ఒకే మాట చెబితే అది ఇద్దరికీ ఎక్కడ దొరికిందో ఆరా తీసేవాణ్ణి.

"అక్కడ ఇసుక ఉందని ఎవరు చూశారు?"

"పటం మీద కూడా అనుమానమేనా అండీ మీకు?"

"పటం మీద కాదు, చుక్క మీద. అది మీరు పెట్టింది."

నాకు గీతలు తెలియవు. చుక్కచుక్కలుగా గీసిన కాలిబాటలు చూశాను. మూడు పల్లెల నుంచి మూడు బాటలు వాలెక్కి ఒకచోట కలుస్తున్నాయి. అక్కడ ఇల్లు లేదు, పొలం లేదు.

"ఇన్ని ఊళ్లవాళ్లకు అక్కడేం పని?"

ఇంజనీరు కళ్లద్దాలు పెట్టుకుని వంగాడు. నిటారు వాలు సరిగ్గా అక్కడే ముగిసి నేల చదునవుతోంది. లావా రాళ్లలోకి ఇంకిన నీళ్లు ఆ అంచున బయటపడవచ్చన్నాడు. మొదటి చుక్క చెరపడానికి మనసొప్పక, రెండోది పెట్టాడు.

"రెండు చుక్కలంటే నాకు ఇంకా భయంగా ఉండాది సార్" అన్నాడు వంటవాడు.

వాళ్లు బయల్దేరిన మూడో రోజు అతను ఫోన్ చేశాడు. వాగునిండా నల్లరాళ్లేనట, తవ్వడానికి ఇసుకే లేదట. బాటలు కలిసే చోట మాత్రం ఊట ఉందన్నాడు.

"తాగొచ్చని ఎవరు చెప్పారు?" అన్నాను.

"ముందు మేకలు తాగినాయి సార్. తర్వాత మామా కొడుకు తాగినాడు. సాయంత్రం దాకా ఇద్దరినీ చూసి, అప్పుడు కాచుకోని నేను తాగినా."