చేతులు ఆగిపోకుండా

మా చెల్లికి పుట్టినప్పటి నుంచీ వినపడదు. మేమిద్దరం మాట్లాడుకునే భాష ఏ బడిలోనూ నేర్చుకున్నది కాదు. విజయనగరంలో మా ఇంటి పెరట్లో ఆడుకుంటూ మేమే తయారు చేసుకున్నాం. కనుబొమ మీద వేలు పెడితే నేను, అక్కడ నాకు చిన్నప్పటి కుట్ల మచ్చ ఉంది. చెంప కింద అరచేయి పెట్టుకుంటే అమ్మ. ఆవిడ ఎప్పుడూ అలాగే పడుకునేది. అమ్మ పోయాక కూడా మేం ఆ గుర్తు మార్చలేదు.

చెల్లి బడికి సరిగా వెళ్ళలేదు. తన పేరు రాస్తుంది, బస్సు మీద ఊరి పేరు చదువుతుంది, అంతకు మించి రాయలేదు. ఆమె భర్తకూ వినపడదు. అత్తగారికి వినపడుతుంది గానీ కోడలి చేతులు చెప్పేది ఆవిడకు సగమే అర్థమవుతుంది. అందుకని నేను పెళ్ళై కొండల మధ్య ఇనుప గనుల ఊరు బచేలి వచ్చేశాక, మా ఇద్దరికీ మాటలంటే ఎదురెదురుగా కూర్చోవడమే. వేసవిలో తను కిరండూల్ రైలెక్కి వచ్చేది, లేకపోతే నేను వెళ్ళేదాన్ని.

ఆ ఏడు తను కడుపుతో ఉంది. ప్రయాణం వద్దన్నారు డాక్టరుగారు. పోనీ నేను వెళ్దామంటే, వానలు మొదలవగానే కొండ జారి పట్టాల మీద పడింది, రైలు ఆగిపోయింది. నేను చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే బడిలో, అంతంత దూరం బస్సుల మీద పడి వెళ్ళి రావడానికి సరిపడా సెలవు ఇవ్వలేదు.

ఫోనులో వీడియో ఉంది కదా అంటారు. మా క్వార్టరు కొండ పక్కనే. వానాకాలం మబ్బు కిందికి దిగితే సిగ్నల్ అంతంత మాత్రం. మాట తెగితే మళ్ళీ చెప్పమని అడగొచ్చు. చేయి సగంలో నిలిచిపోతే అది వేరే మాటైపోతుంది. ఒకరోజు చెల్లి మోచేతి పైన గిల్లినట్టు చూపించింది, బొమ్మ అక్కడే ఆగిపోయింది. మా భాషలో గిల్లి, ఆ చోట అరచేత్తో చరిస్తే దోమ. దోమలు ఎక్కువగా ఉన్నాయంటోందనుకుని, దోమతెర కట్టుకోమని చెప్పాను. మర్నాడూ అదే చూపించింది, నేను మళ్ళీ దోమతెర అన్నాను. తను విసుగ్గా ఫోను బోర్లా పెట్టేసింది. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

మా వారు గని నుంచి వచ్చి నా ముఖం చూసి, "ఏటైంది?" అన్నారు. చెప్పాను. "ఇంటికి వైరు లైను పెట్టించీద్దుం. నీ చెల్లి బొమ్మ ఆగకుండా కనపడాల, అంతే గదా," అన్నారు.

లైను వేసే మనిషి వచ్చి గోడకు పెట్టె బిగించాడు, వైరు లాగాడు, పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది. అంతలో కొండ మీద వాన చప్పుడు దగ్గరైంది. "మేడమ్, బాకీ సెటింగ్ ఫోన్ పే హో జాయేగా," అంటూ రెయిన్‌కోటు తొడుక్కున్నాడు. మిగతాది ఫోనులో చెబుతారట. కంప్యూటరు, నేను, ఆ పచ్చ దీపం మిగిలాం. మా వారు డ్యూటీలో ఉన్నారు.

పక్క క్వార్టరు అవ్వ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఆవిడది తెలుగు మాట్లాడే మరైగూడ వైపు ఊరు, కొడుకు ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చింది. ఊళ్ళో ఉన్నప్పుడు చాలామందికి పురుళ్ళు పోసింది. "ఏంది బిడ్డా, దీపం ఎలిగింది గద, ఇంకేం కావాలె?" అంది.

"దీపం వెలిగితే చాలదు అవ్వా. దీనికి మన పేరు చెప్పాలి, అప్పుడు లోపలికి రానిస్తుంది."

"గట్లనా," అంటూ వచ్చి నేల మీద కూర్చుంది.

హెల్ప్‌లైనుకు ఫోను చేశాను. ఒకమ్మాయి, గొంతును బట్టి చూస్తే చిన్నదే, హిందీలో నెమ్మదిగా చెప్పింది. పెట్టెకూ కంప్యూటరుకూ మధ్య వైరు పెట్టించింది. పెట్టె అడుగున అంటించి ఉన్న ఇంగ్లీషు అక్షరాల చిరునామా బ్రౌజరు పైన కొట్టమంది. ఎన్నడూ చూడని పేజీ ఒకటి తెరుచుకుంది. కనెక్షన్ రకం అన్నచోట పీపీపీఓఈ అన్నది ఎంచుకోమంది, దాని కింద నా ఫోనుకు మెసేజీగా వచ్చిన, అన్నీ అక్షరాలే ఉన్న పేరూ, పాస్‌వర్డూ కొట్టమంది. కొట్టాను. పేరూ పాస్‌వర్డూ సరిపోలలేదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అవే. ఆ అమ్మాయి పాస్‌వర్డు మార్చి కొత్తది పంపింది. దానికీ ఎర్ర అక్షరాలే.

"ఆరామ్ సే కీజియే మేడమ్, మై లైన్ పే హూఁ," అంది. తొందరేం లేదు, నేను లైనులోనే ఉంటాను అని. ఆ మాటకు నాకెందుకో కళ్ళు చెమర్చాయి. చెల్లి కడుపుతో ఉందనీ, చేతులతోనే మాట్లాడుతుందనీ ఆమెకు చెప్పేశాను. "చలియే దీదీ, ఫిర్ సే కర్తే హైఁ," అంది. పదండి అక్కా, మళ్ళీ చేద్దాం అని. మేడమ్ పోయి దీదీ వచ్చింది.

పాస్‌వర్డు చుక్కలుగా కనిపిస్తుంది కదా, ఏం కొడుతున్నానో నాకే తెలియడం లేదు. అనుమానం వచ్చి, ఒక ఖాళీ పేజీ తెరిచి అందులో కొట్టి చూశాను. అక్షరాలు వచ్చాయి. అంకెలు ఒక్కటీ రాలేదు. కీబోర్డుకు కుడివైపున్న అంకెల మీటలు కొడుతున్నాను, వాటిని పనిచేయించే నమ్‌లాక్ ఆపేసి ఉంది! అది నొక్కి మళ్ళీ కొట్టాను. ఎర్ర అక్షరాలు పోయి, కనెక్టెడ్ అని వచ్చింది. తన తెర మీదా కనపడిందేమో, ఫోనులో ఆ అమ్మాయి నాకంటే ముందే గట్టిగా నవ్వింది.

వెంటనే చెల్లికి వీడియో కలిపాను. తెర నిండా తను. ముక్కు మీద చెమట చుక్కతో సహా కనపడింది. కనుబొమ మీద వేలు పెట్టి పిలిచింది. ఆ చేయి ఎక్కడా ఆగలేదు. మోచేతి పైన చూపించి అడిగాను, ఇదేమిటని. గిల్లింది, తర్వాత చరచలేదు, బొటనవేలితో మెల్లగా నొక్కింది. సూది. రక్తం తక్కువగా ఉందని ఇంజక్షన్లు ఇస్తున్నారట. నొప్పిగా ఉందని నాతో చెప్పుకోవాలనుకుంది, నేనేమో దోమతెర కట్టుకోమన్నాను. రెండు చేతులతో దోమతెర కట్టుకుంటున్నట్టు నటించి నన్ను వెక్కిరించింది. నేను నవ్వబోయి ఏడ్చాను.

అవ్వ లేచి కెమెరా ముందుకు వచ్చింది. నన్ను ఏమీ అడగకుండానే తన పొట్ట మీద చేయి పైన పెట్టి, కింద పెట్టి, పిల్ల ఎక్కడ అని సైగ చేసింది. చెల్లి కింద పెట్టి చూపించింది. అవ్వ వేళ్ళు కదిపి చూపితే, బాగా కదులుతోందని తనూ వేళ్ళు కదిపింది. "పిల్ల కిందికి దిగింది బిడ్డా. ఇంకెన్నో రోజులు పట్టదు. మంచిగ తినమను, భయపడొద్దను," అంది నాతో. నేను చేతులతో చెప్పాను. చెల్లి అవ్వకు దండం పెట్టింది.

ఆ వారంలోనే ఆడపిల్ల పుట్టింది. రైలు మళ్ళీ నడవగానే నేనూ మా వారూ వెళ్ళి పాపను చూసి, ఎత్తుకుని ముద్దాడి వచ్చాం. పాపకు వినపడుతుంది, పరీక్ష చేసి చెప్పారు.

తర్వాత మాకొక అలవాటైంది. నేను బడి నుంచి వచ్చాక, మధ్యాహ్నాలు అటు చెల్లి కుట్టుమిషను ముందు ఫోను నిలబెట్టుకుంటుంది, ఇటు నేను కంప్యూటరు ముందు కూరగాయలు ముందేసుకుంటాను. మాటలు ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. అలాంటి ఒక మధ్యాహ్నం నేను బెండకాయలు తరుగుతుంటే స్పీకరులో పాప ఏడుపు వినిపించింది. ఉయ్యాల చెల్లి వెనక ఉంది. అత్తగారు బజారుకు వెళ్ళినట్టున్నారు. చెల్లి తల వంచుకుని కుడుతోంది. చేతులు ఊపాను, చూడలేదు.

అవ్వ పక్కనే ఉంది. "పిల్ల గుక్కపట్టి ఏడుస్తాంది బిడ్డా! ఏమన్న చెయ్యి!" అంది.

నా ఫోను టార్చి వెలిగించి కెమెరా ముందు అటూ ఇటూ ఊపాను. అటు ఫోను తెర మెరిసి చెల్లి ముఖం మీద వెలుతురు పడింది. ఉలిక్కిపడి తలెత్తింది. ఉయ్యాల ఊపుతున్నట్టు చేతులు కదిపాను. లేచి పరుగెత్తింది.

పాపను ఎత్తుకుని వచ్చి మళ్ళీ ఫోను ముందు కూర్చుంది. ఒక చేయి పాప తల కింద ఉంది. రెండో చేత్తోనే నాతో ఏదో చెప్పబోయింది, మా గుర్తులు చాలావాటికి రెండు చేతులూ కావాలి. కాసేపు తంటాలు పడి, నవ్వేసి, ఆగమన్నట్టు వేలు చూపించింది. పాప పాలు తాగడం అయ్యేదాకా నేను బెండకాయలు పక్కన పెట్టి కూర్చున్నాను.