బామ్మర్ది వాచీలో పెద్ద నంబరు

2023 వేసవి. అనంతపురంలో ఒక గుండె డాక్టరుగారి దగ్గర ఈసీజీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఛాతీకి తీగలు అంటించి, గుండె గీత కాగితం మీద సరిగ్గా పడేలా చూసి డాక్టరుగారికి ఇవ్వడం నా పని. ఈ మధ్య కొత్తరకం పేషెంట్లు వస్తున్నారు. నొప్పి అనరు, ఆయాసం అనరు. ఫోను ముందుకు చాపి "ఇది చూడండి" అంటారు. ధర్మవరం నాగరాజు శెట్టి అలాగే వచ్చాడు.

ఆయనది పట్టుచీరల అంగడి. వయసు అరవైకి దగ్గర. వెంట భార్య పద్మావతమ్మ. నేను తీగలు పెడుతుంటే పైకప్పు కేసి చూస్తూ నిట్టూర్చాడు.

"నాకు ఇరవై నాలుగేనమ్మా."

"ఏమిటండీ ఇరవై నాలుగు?"

"హెచ్ఆర్‌వీ. నిద్రలో వాచీ కొలుస్తాది కదా, అది. మా బామ్మర్దికి నూటపది! ఇద్దరం ఒకే అంగట్లో, ఒకే రకం వాచీ తీసుకుంటిమి. తెల్లారితే చాలు, ఫోన్ చేసి నాకెంతొచ్చిందో అడుగుతాడు."

పద్మావతమ్మ అందుకుంది. "ఆ వాచీ కట్టినప్పట్నుంచి ఈయప్పకు మనశ్శాంతి లేదమ్మా. నడిస్తే గుండె అరిగిపోతాదని పొద్దున నడక మానేసినాడు. అంగడి అమ్మేసి ఇంట్లో కూర్చుంటాడంట. ఇరవై మంది నేతగాళ్లు ఆ అంగడిని నమ్ముకోనుండారు. నువ్వన్నా చెప్పు."

ఈసీజీ శుభ్రంగా ఉంది. డాక్టరుగారు పరీక్ష చేసి గుండె బాగుందన్నారు. శెట్టిగారి ముఖం మాత్రం తేటపడలేదు. "ఆ నంబరు సంగతి కాస్త నెమ్మదిగా చెప్పండి" అని నాకు అప్పగించి, డాక్టరుగారు ఇంకో పేషెంటును పిలిచారు.

చెప్పాను. హెచ్ఆర్‌వీ అంటే హార్ట్ రేట్ వేరియబిలిటీ. గుండె గోడగడియారంలా సమానంగా కొట్టుకోదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఊపిరి పీల్చినప్పుడు కాస్త తగ్గుతుంది, వదిలినప్పుడు కాస్త పెరుగుతుంది. ఆ తేడాను వాచీ సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తుంది. ప్రశాంతంగా నిద్రపోయేటప్పుడు ఒంటిని నెమ్మదింపజేసే నరాల పని ఎక్కువగా ఉంటుంది కాబట్టి అప్పుడు చూస్తారు. వయసు పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గడం మామూలే. పైగా ఒక్కొక్కరిది ఒక్కో కొలత.

"మీ నంబరును మీ పాత నంబరుతోనే పోల్చుకోవాలి గానీ, బామ్మర్ది నంబరుతో కాదు" అన్నాను. "తిన్న వెంటనే పడుకున్నా, నిద్ర చెడినా కూడా అది తగ్గుతుంది. ఇంతకీ రాత్రి ఎప్పుడు తింటారు?"

జవాబు పద్మావతమ్మ దగ్గరే ఉంది. "అంగడి మూసి వచ్చి, ఇంత ముద్ద తిని, చెయ్యి ఆరకముందే మంచమెక్కుతాడు. నడుమ నడుమ లేసి నంబరు పెరిగిందా అని చూస్తాండాడు. పెరగమంటే యాడ పెరుగుతాది?"

శెట్టిగారికి కూడా నవ్వొచ్చింది. "అయితే వానికి నూటపది ఎట్లొస్తాందమ్మా? నాకంటే ఐదేళ్లే చిన్న. అదిగో, కారు తోలుకోని వచ్చినాడు. బయటే ఉండాడు, పిలుస్తా."

వెంకటేశు కదిరిలో శెనక్కాయల వ్యాపారి. పిలవగానే హుషారుగా వచ్చి, అడగకముందే ఫోను తెరిచాడు. అందులోని గ్రాఫు చూసి నాకు ముచ్చట వేయలేదు. ఒక రాత్రి ముప్పై ఐదు, మర్నాడు నూటపది, ఇంకోరోజు అంతకంటే పైకి. అంకె ఎగిరిన రాత్రుల్లోనే నాడి వేగం కూడా పెరిగింది. హాయిగా నిద్రపోయే మనిషిలో సాధారణంగా అంకె పెరిగితే నాడి తగ్గాలి.

"నిద్రలో ఎప్పుడైనా దడగా ఉంటుందా అన్నా?"

"దడ ఏముంది! అప్పుడప్పుడు ఎదలో పిట్ట రెక్కలు కొట్టుకున్నట్టుంటాది. మెలకువొస్తాది. శెనక్కాయలు తింటా కదా, గ్యాసు."

ఫోను తీసుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన చాలాసేపు చూసి వెంకటేశును పడుకోబెట్టమన్నారు. అప్పటి ఈసీజీలో ఏమీ లేదు. అయినా హోల్టర్ పెట్టమన్నారు. అది ఒక రోజంతా ఒంటి మీదే ఉండి ప్రతి గుండె దెబ్బనూ రాసుకునే చిన్న పెట్టె.

"నాకెందుకు సార్? బావకు పెట్టండి!"

"నోరు మూసుకోని పెట్టించుకోరా" అంది అక్క పద్మావతమ్మ. అంతటితో వాదన ముగిసింది.

మర్నాడు ఆ రికార్డింగు కంప్యూటర్లో తెరిచాను. నిద్రలో చాలాసేపు దెబ్బల మధ్య ఎడానికి ఒక క్రమమంటూ లేదు. డాక్టరుగారు ముగ్గురినీ కూర్చోబెట్టారు. "దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండె పైగదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతాయి. అప్పుడు లోపల రక్తం గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం రావచ్చు. వెంకటేశూ, నీకు బీపీ కూడా ఉంది. సమయానికి దొరికింది, మందులున్నాయి. దెబ్బలు గతి తప్పడాన్నే నీ వాచీ పెద్ద నంబరు చేసి చూపించింది."

వెంకటేశు బావ కేసి చూశాడు. "బావా, భయమవుతాందప్పా."

శెట్టిగారు కుర్చీ దగ్గరికి జరుపుకుని బామ్మర్ది చెయ్యి పట్టుకున్నాడు. "నేనుండా కదరా, ఎందుకు భయం?" అన్నాడు. నా వైపు తిరిగి, "అంటే ఇన్ని దినాలు నేను కుళ్లుకునింది వీని రోగాన్ని చూసేనా తల్లీ!" అన్నాడు. డాక్టరుగారు పగలబడి నవ్వారు. వెంకటేశు కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు.

వానలు మొదలయ్యాక మళ్లీ వచ్చారు. మందులతో వెంకటేశు గుండె గాడిలో పడింది. అంకె ముప్పైల్లోకి దిగి అక్కడే నిలకడగా ఉంది. అది తగ్గినందుకు మేమందరం సంతోషించాం. శెట్టిగారు పొద్దుండగానే తింటున్నాడు, మళ్లీ నడుస్తున్నాడు. ఆయన అంకె కొంచెం పైకి వచ్చింది. అంగడి అమ్మే మాట ఎత్తడం లేదని పద్మావతమ్మ చెప్పింది.

పెద్ద అంకె కనబడితే ఆరోగ్యం, చిన్న అంకె కనబడితే జబ్బు అని గుండె ఎక్కడా రాసివ్వలేదు. అందుకే ఇప్పుడు ఎవరు ఫోను చాపినా, ముందు ఒంట్లో ఎలా ఉందని అడుగుతాను. అంకె తర్వాత చూస్తాను. భయంతో వచ్చిన మనిషికి ధైర్యం చెప్పి పంపడం ఎంత అవసరమో, తనకేమీ లేదని బయట కారు దగ్గర నిలబడ్డ మనిషిని లోపలికి పిలవడం కూడా అంతే అవసరమని ఆ బావాబామ్మర్దుల వల్లే నేర్చుకున్నాను.