ఐసు గ్రాఫులో ఇతరములు

పొద్దున ఉండి ఊరు దాటాక, భీమవరం రోడ్డు మీద నా స్కూటరు ముందు ఒక ఐసు లారీ పోయింది. దిమ్మల మీద కప్పిన ఊకలోంచి దారిపొడవునా నీళ్ళు కారుతున్నాయి. దాటి వెళ్ళడానికి సందు ఉన్నా వెళ్ళలేదు. చన్నీటి తుంపర్లు మోకాళ్ళకి తగులుతుంటే, ఇంటిల్లిపాదీ కూర్చుని రాబోయే కాలాన్ని లెక్కగట్టిన ఆ వేసవి గుర్తొచ్చి, నవ్వుకుంటూ దాని వెనకాలే ఊళ్ళోకి వచ్చాను.

ఎనభైల మొదట్లో మాట. మెకానికల్ ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగాలకి అర్జీలు పెట్టుకుంటూ భీమవరంలో తాతయ్య ఇంట్లో ఉన్నాను. మాది బియ్యం వ్యాపారం. కాలవగట్టు రోడ్డులో మాకో గోడౌను ఉండేది. దాన్ని ఖాళీ చేసి అందులో ఐసు ఫ్యాక్టరీ పెట్టాలని మా బాబాయి పట్టు. చుట్టుపక్కల ఊళ్ళలో వరిచేలని చేపల చెరువులుగా తవ్వేస్తున్నారు. చేపలు లారీల్లో కలకత్తా దాకా పోతున్నాయి. వాటిమీద వెయ్యడానికి ఐసు చాలడంలేదు. స్థలం తాతయ్యది. ఆయన సరేనంటే ఫ్యాక్టరీ, కాదంటే బాబాయి జన్మంతా బస్తాల మధ్యే. చిక్కేమిటంటే మాది తరతరాలుగా శాకాహారం. చేపల బజారు మీదుగా రిక్షా పోతుంటే నాన్నమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది. ఇంట్లో ఆ పేరే ఎత్తేవాళ్ళం కాదు. తప్పనిసరైతే ‘ఆ సరుకు’ అనేవాళ్ళం.

బాబాయికి అప్పటికి ముప్ఫై దాటలేదు. రేపు రాబోయేవాటిని నిన్న చూసొచ్చినట్టు చెప్పేవాడు. “ఒరేయ్, ట్రంకాల్ బుక్ చేసి పూటంతా ఫోను పక్కన కూర్చోడాలు ఉండవురా. నేనిక్కడ నంబరు తిప్పానంటే కలకత్తాలో మోగుద్ది. స్కూటరుకి పేరు రాసుకుని ఏళ్ళ తరబడి చూడక్కర్లేదు. కొట్టుకెళ్ళి, ఈ రంగు బావుందండీ అని తోలుకొచ్చేయడమే!” అనేవాడు. “ముందు మన వీధిలో సాయంత్రం దాకా కరెంటు ఉండనియ్యి నాయనా, తర్వాత కలకత్తా సంగతి చూద్దువుగాని,” అనేది నాన్నమ్మ విసనకర్రతో విసురుకుంటూ. నాకు మాత్రం ఆయన మాట్లాడుతుంటే ఒళ్ళు పులకరించేది. అవన్నీ మా పుస్తకాల్లో ఎక్కడో దూరాన కనిపించేవి. బాబాయి నోట్లో మాత్రం వచ్చేవారం గూడ్సు బండిలో దిగబోతున్నట్టుండేవి.

తాతయ్యకి మాటలు పనికిరావు. “రాబోయే పదేళ్ళు కాగితం మీద చూపించండి. అప్పుడు చూద్దాం,” అన్నారు. ఆ పని నా నెత్తిన పడింది, మహా సంబరంగా పడింది. రిఫ్రిజిరేషన్ నాకు ప్రాణమైన సబ్జెక్టు. గ్రాఫు కాగితాలు తెచ్చి, పెన్సిళ్ళు చెక్కి, ఐసు కొనేవాళ్ళ పట్టీ రాశాను: సోడాబళ్ళు, చెరుకురసం, పుల్ల ఐసు, సినిమా హాలు, ఆసుపత్రి, పెళ్ళిళ్ళు. ఇంట్లోవాళ్ళంతా తలో మాటా వేశారు. “ముందుముందు పెళ్ళిళ్ళలో మామూలు మంచినీళ్ళు ఎవరూ ముట్టరు. చల్లగా లేకపోతే మగపెళ్ళివారు అలిగి లేచిపోతారు. రాసుకో,” అంది నాన్నమ్మ. దానికి విడిగా ఒక రంగు గీత ఇచ్చాను. ఎన్ని గీతలు గీసినా లెక్కలో మా యంత్రం వేసవంతా తిరిగి, తొలకరి పడగానే పడుకునేది. ఏడాది పొడుగునా దాన్ని తిప్పేది ఆ సరుకొక్కటే. ఆ పేరు రాయడానికి చెయ్యి రాక ‘ఇతరములు’ అని రాశాను. మిగతా గీతలన్నీ కాగితం అడుగున పాకుతుంటే ఇతరములు మాత్రం పైఅంచు దాటి పోయింది. అన్నం మెతుకులతో ఇంకో కాగితం అతికించాల్సొచ్చింది.

ఒక ఆదివారం పొద్దున వసారాలో చాప మీద దాన్ని పరిచాం. తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని వేలితో ఒక్కో గీతా తడుముతూ వచ్చారు. “సోడాలు... పెళ్ళిళ్ళు... బానే ఉన్నాయి. ఈ ఇతరములేంట్రా, గోడెక్కేస్తోంది?”

బాబాయి దూలాలు చూస్తున్నాడు. “రకరకాలండి తాతయ్యా,” అన్నాను.

“ఏ రకాలు?”

“నీళ్ళలో ఉండేవండి.”

“తామరపూలు కాబోలు!” అని గుమ్మంలోంచి నాన్నమ్మ పకపకా నవ్వింది.

తాతయ్య నవ్వలేదు. “చేపలని చెప్పడానికి ఇంత సిగ్గుపడేవాళ్ళు వాటిని నమ్ముకుని వ్యాపారం ఏం చేస్తార్రా? మనం అమ్మేది గడ్డకట్టిన నీళ్ళు. ఎవరు దేనిమీద వేసుకుంటే మనకేంటి?” అన్నారు. బాబాయి సంతోషంగా సగం లేచాడు. తాతయ్య వేలు మాత్రం కాగితం మీంచి తియ్యలేదు. “ఆ చెరువులు ఎక్కడ తవ్వుతున్నారు?”

“చేలల్లో నాన్నా.”

“మరి ఆ చేలల్లో ధాన్యమో? మన బియ్యం కొట్టు ఇందులో ఎక్కడుంది?”

అది నేను గియ్యలేదు. బాబాయి మళ్ళీ చాప మీద కూర్చుండిపోయాడు. నేను పెన్సిలు తీసుకుని, ఆయన చూస్తుండగానే, ఆనాటి మా వ్యాపారం దగ్గర మొదలుపెట్టి కిందికి ఒక గీత లాగాను. పైకి పోతున్న చేపల గీతని అది ఒకచోట దాటింది. ఆయన వేలు అక్కడికి జరిగింది.

“ఇది ఎప్పటికి?”

“ఓ ఆరేళ్ళకండి.”

బాధపడతారనుకున్నాను. ఆయన ముందుకి వంగి, కళ్ళజోడు సర్దుకుని, “అంటే నా కళ్ళ ముందేనన్నమాట!” అన్నారు. ఆ గొంతులో హుషారు మేమెవరమూ ఎప్పుడూ వినలేదు. “మా నాన్న దంపుడు బియ్యం అమ్మేవాడు. మరమిల్లు వచ్చిననాడు మన పని అయిపోయిందని అన్నం మానేశాడు. ఆ మిల్లు బియ్యం అమ్మే కదరా నేనీ ఇల్లు కట్టాను! ఇప్పుడు నేనూ అన్నం మానెయ్యనా? ఒరేయ్, గోడౌను ఖాళీ చేయడానికి ఎన్నాళ్ళు పడుద్ది?” అని బాబాయిని అడిగారు. ఎంతసేపూ రేపటి గురించి గలగలా మాట్లాడే మనిషి, చాప మీంచి లేచి గోడౌను తాళాలు తీసుకుని బయల్దేరాడు.

యంత్రాలు బిగించేదాకా ఉండమంటే ఉండిపోయాను. అర్జీలకి జవాబులొచ్చేసరికి ఆ ఉద్యోగాల మీద నాకే మనసు లేకుండా పోయింది. నా గ్రాఫు చాలాచోట్ల తప్పింది. కరెంటు కోతలు నేను గీయనే లేదు. నాన్నమ్మ పెళ్ళిళ్ళ గీత నేను వేసినదానికంటే ఎంతో పైకి పోయింది. ఇక ఆ రెండు గీతలూ దాటుకునే చోటు ఆరేళ్ళు ఆగలేదు, సగం కాలానికే వచ్చేసింది. కాలం ఎప్పుడొస్తుందో నేను లెక్క తప్పాను గానీ, అది వచ్చేసరికి గోడౌను ఊడ్పించి, తలుపులు బార్లా తీసి, వాకిట్లో నిలబడి ఉన్నారు మా తాతయ్య.